లెక్క ప్రకారం బస్సులు సరిపోతున్నాయి, మరి రద్దీ ఎందుకు తగ్గదు?

ముందు ప్రశ్నని కుదించి చెప్తాను, చదివేవాళ్లకి సందర్భం తెలియాలి కదా. ఒక సిటీ రూట్. పీక్ అవర్‌లో, రూట్‌లో అన్నిటికన్నా ఒత్తిడి ఉండే చోట ఒక దిశలో గంటకి 480 మంది వెళ్తున్నారు. బస్సుకి 40 సీట్లు, నిలబడేవాళ్లతో కలిపి 64 మంది వరకు పర్వాలేదని సంస్థ నియమం. 480ని 64తో భాగిస్తే ఏడున్నర. దాన్ని ఎనిమిది చేసి, ఏడున్నర నిమిషాలకో బస్సు నడుపుతున్నారు. అంటే సగటున బస్సుకి 60 మంది. కాగితం మీద అంతా సవ్యంగానే ఉంది. అయినా కాలు పెట్టే సందు ఉండట్లేదని, ఎక్కలేక బస్సు వదిలేస్తున్నామని రోజూ ఫిర్యాదులే. మీరు అడిగినవి మూడు. లెక్కలో తప్పెక్కడుంది? రద్దీని కూడా కలుపుకుని ఫ్రీక్వెన్సీ (గంటకి ఎన్ని బస్సులన్నది) తేల్చే సూత్రం ఏదైనా ఉందా? పైవాళ్లు రెండే బస్సులు అదనంగా ఇస్తామంటున్నారు, వాటిని ఎక్కడ పెట్టాలి?

భాగహారంలో తప్పేం లేదండి. మీరు తీసింది బస్సుల సగటు, ఫిర్యాదు చేస్తున్నది ప్రయాణికులు. ఆ రెండు సగటులూ ఒకటి కావు. రద్దీ చర్చలన్నీ తడబడేది ఇక్కడే కాబట్టి దీన్ని కాస్త నెమ్మదిగా చూద్దాం.

గంటకి 480 అంటే నిమిషానికి 8 మంది. బస్సులు ఏడున్నర నిమిషాలకొకటి కచ్చితంగా వస్తే ప్రతి బస్సుకీ 60 మంది దొరుకుతారు. కానీ రోడ్డు మీద బస్సులు అలా రావు. ఒకటి 11 నిమిషాల ఎడంతో, దాని వెనకది 4 నిమిషాలకే వస్తున్నాయనుకోండి. గంటకి ఎనిమిది బస్సులే, సగటు ఎడం ఇప్పటికీ ఏడున్నరే. మొదటి బస్సు కోసం 88 మంది పోగవుతారు, రెండోదానికి 32 మంది. బస్సుల సగటు 60. రిపోర్టులో మీరు రాసేది ఇదే.

ఇప్పుడు ఆ 120 మందిని నిలబెట్టి "మీ బస్సులో ఎంతమంది ఉన్నారు?" అని అడగండి. 88 మంది "88" అంటారు, 32 మంది "32" అంటారు. ఆ జవాబుల సగటు 73. అంటే బస్సుల సగటు 64 మంది నియమం దాటని రూట్‌లో సగటు ప్రయాణికుడు 73 మందితో కలిసి ప్రయాణిస్తున్నాడు. పైగా నలుగురిలో దాదాపు ముగ్గురు ఉన్నది ఆ కిక్కిరిసిన బస్సులోనే. ఖాళీ బస్సు ఉంది, అది ఖాళీగా ఉండబట్టే దాన్ని చూసినవాళ్లు తక్కువ. "వెనకాలే ఖాళీ బస్సు వస్తోంది కదా, జనానికి ఓపిక లేదు" అని డిపోల్లో వినిపించే మాటకి సమాధానం ఈ అంకెల్లోనే ఉంది.

వెయిటింగ్ సంగతీ అంతే. బస్సులు సమంగా వస్తే సగటు నిరీక్షణ 3.75 నిమిషాలు. 11, 4 ఎడాలతో వస్తే 4.57. ఈ రెండు పెరుగుదలల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. 73ని 60తో భాగించినా, 4.57ని 3.75తో భాగించినా వచ్చేది అదే 1.22. ఇది కాకతాళీయం కాదు. బస్సు లోడ్, అంటే అందులో ఎక్కే జనం, దాని ముందున్న ఎడాన్ని బట్టే ఉంటుంది కాబట్టి, ఎడాల్లో ఉన్న హెచ్చుతగ్గులు నిరీక్షణనీ రద్దీనీ ఒకే నిష్పత్తిలో పెంచుతాయి. ఎడాల ప్రామాణిక విచలనాన్ని (సగటుకి అవి ఎంత అటూ ఇటూ అవుతున్నాయో చెప్పే కొలతని) సగటు ఎడంతో భాగించి, వర్గం చేసి, దానికి ఒకటి కలిపితే ఆ గుణకం వస్తుంది. ఇక్కడ 3.5ని 7.5తో భాగిస్తే 0.467, వర్గం 0.22, ఒకటి కలిపితే 1.22. మీ దగ్గర జీపీఎస్ డేటా ఉంటే ఇది అరగంట పని. రద్దీ గురించి ఇంకేం చేసే ముందైనా ఈ ఒక్క అంకె తీయమంటాను.

ఎందుకంటే దీన్ని బస్సుల్లోకి మార్చొచ్చు. ఎడాల్ని అలాగే వదిలేసి, ప్రయాణికుడికి తగిలే లోడ్‌ని మళ్లీ 60కి దించాలంటే గంటకి ఎనిమిది కాదు, దాదాపు పది బస్సులు కావాలి. రానూ పోనూ, చివర్ల రెస్ట్ టైంతో కలిపి ఒక రౌండుకి 120 నిమిషాలు పడుతుందనుకుంటే, మీకిప్పుడు 16 బస్సులు తిరుగుతున్నాయి. పదికి 20 కావాలి. అంటే క్రమం తప్పడమే మూడు నాలుగు బస్సుల్ని మింగేస్తోంది. మీకిస్తామంటున్నవి రెండు.

ఇంకో సంగతి. బస్సులో 64 సౌకర్యంగా పట్టే సంఖ్య. నిలబడే చోటు 6 చదరపు మీటర్లనుకుని, చదరపు మీటరుకి నలుగురి చొప్పున లెక్కేస్తే సీట్లు 40, నిలబడేవాళ్లు 24. చదరపు మీటరుకి ఆరుగురి దాకా కుక్కితే 76. అంతకుమించి తలుపు దగ్గర వేలాడటమే. మరి 88 మంది ఎలా ఎక్కుతారు? ఎక్కరు. పన్నెండు మంది స్టాపుల్లోనే మిగిలిపోతారు. టికెట్ మెషీన్ 76 అని రాస్తుంది. మిగిలినవాళ్లు నాలుగు నిమిషాల తర్వాత వెనక బస్సు ఎక్కి అక్కడి 32ని 44 చేస్తారు. రికార్డులో 76, 44 ఉంటాయి, చూడ్డానికి అంత ఘోరంగా ఏమీ అనిపించవు. ఎక్కలేకపోయినవాళ్లు ఏ మెషీన్‌లోనూ పడరు. ఆటో ఎక్కి వెళ్లిపోయినవాళ్లయితే డిమాండ్ లెక్కలోంచే మాయమవుతారు. అందుకే రద్దీ రూట్‌లో టికెట్ డేటా ఒక్కదాన్నే నమ్మి ఫ్రీక్వెన్సీ వేయకూడదు. ఒత్తిడి మొదలయ్యే రెండు మూడు స్టాపుల దగ్గర మనిషిని నిలబెట్టి, బస్సు కదిలాక స్టాపులో ఎంతమంది మిగిలారో రాయించండి. అలా రాసిన ఒక వారం కాగితాలు ఏడాది టికెట్ రికార్డు చెప్పనిది చెప్తాయి.

బస్సులన్నీ గడియారం ముల్లులా సమంగా నడిచినా 60 సగటుకి 64 పరిమితి చాలదు. ప్రయాణికులు ఎవరికి తోచినప్పుడు వాళ్లు స్టాపుకొస్తారు. 60 సగటు ఉన్న చోట అటూ ఇటూ ఎనిమిది మంది తేడా మామూలే. ఆ లెక్కన నాలుగు బస్సుల్లో ఒకటికి పైగా 64 దాటుతుంది. కాబట్టి భాగించేటప్పుడు పరిమితితో భాగించకండి. పరిమితి 64 అయితే ప్లానింగ్ లోడ్ 52 నుంచి 55 మధ్య పెట్టుకోండి. "సీట్లు ఖాళీగా తిప్పుతున్నారు" అని అకౌంట్స్ వాళ్లు అంటారు. అననివ్వండి.

ఇక గంట గురించి. గంటకి 480 అన్నారు గానీ ఆ గంట లోపల ఏం జరుగుతోందో చూశారా? పదిహేను నిమిషాల చొప్పున విడగొడితే ఉదాహరణకి 84, 132, 156, 108 అని రావచ్చు. మొత్తం 480యే. ఏడున్నర నిమిషాలకొకటి చొప్పున పావుగంటకి రెండు బస్సులు. లోడ్‌లు వరసగా 42, 66, 78, 54. మూడో పావుగంటలో బస్సులు సమంగా వచ్చినా నిండిపోతాయి, మొదటి పావుగంటలో దాదాపు నిలబడేవాళ్లే ఉండరు. సగటు మళ్లీ 60.

దీనికి బస్సు కొనక్కర్లేదు. ఎడాల్ని సమంగా ఉంచే బదులు లోడ్‌ని సమంగా ఉంచండి. ఆ పాయింటు దగ్గర జనం పోగవుతున్న తీరుని గీసి, ప్రతి 60 మందికీ ఒక బస్సు తగిలేలా టైములు పెడితే ఎడాలు 11, 8, 7, 6, 6, 6, 8, 8 నిమిషాలు వస్తాయి. కూడితే అరవై నిమిషాలు, ఎనిమిది బస్సులు, ప్రతి బస్సులోనూ దాదాపు 60 మంది. ఆరు నిమిషాల ఎడానికి 20 బస్సులు కావాలేమోనని సందేహం వస్తుంది. అక్కర్లేదు. రౌండు టైము 120 నిమిషాలైతే, ఏ 120 నిమిషాల వ్యవధి తీసుకున్నా అందులో ఎక్కువలో ఎక్కువ ఎన్ని బస్సులు బయల్దేరుతున్నాయో అన్నే కావాలి. ఆ వ్యవధి లోపల వాటిని ముందుకీ వెనక్కీ జరిపితే సంఖ్య మారదు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఈ టైములు ఒత్తిడి ఉన్న పాయింటు దగ్గరివి. డిపో నుంచి అక్కడికి 25 నిమిషాలు పడితే బయల్దేరే టైముని అంత ముందుగా పెట్టాలి. షెడ్యూల్ రాసే చాలామంది బయల్దేరే చోట సమం చేసి ఊరుకుంటారు, ఒత్తిడి పాయింటుకి వచ్చేసరికి అది ఒక పావుగంట తప్పుగా పడుతుంది.

ఎడాలు పది పన్నెండు నిమిషాల లోపు ఉన్నప్పుడు జనం టైంటేబుల్ చూసుకుని రారు, కాబట్టి 11, 8, 7 లాంటి వంకర అంకెల వల్ల వాళ్లకి ఇబ్బంది లేదు. ఎడం పావుగంట, ఇరవై నిమిషాలు ఉన్న రూట్లలో ఈ పని చేయకండి. అక్కడ గుర్తుండే టైములే ముఖ్యం.

ఇంతకీ 11, 4 ఎడాలు ఎక్కణ్నించి వస్తాయి? ట్రాఫిక్ అంటారు. ట్రాఫిక్ అగ్గిపుల్ల గీస్తుంది, మంట పెంచేది రద్దీయే. ఒక దిశలో 20 స్టాపులు, అన్నిట్లో కలిపి గంటకి 900 మంది ఎక్కుతారనుకోండి (480 ఒత్తిడి ఉన్న చోటు దాటేవాళ్లు మాత్రమే). స్టాపుకి నిమిషానికి 0.75 మంది. మనిషి ఎక్కడానికి 3 సెకన్లు. ఒక బస్సు ఒక నిమిషం లేటయితే తర్వాతి స్టాపులో 0.75 మంది అదనంగా ఉంటారు, రెండుంబావు సెకన్లు అదనంగా ఆగాలి. వినడానికి ఏమీ కాదు. కానీ ఆ లేటు ప్రతి స్టాపులోనూ 3.75 శాతం చొప్పున చక్రవడ్డీలా పెరుగుతుంది. ఇరవై స్టాపులకి రెట్టింపు. బయల్దేరేటప్పుడున్న పావు తక్కువ రెండు నిమిషాల లేటు చివరికి మూడున్నర అవుతుంది. దాని వెనక బస్సుకి సరిగ్గా తిరగబడి జరుగుతుంది. స్టాపుల్లో జనం ఉండరు, ఆగే పని ఉండదు, ముందుదాన్ని అందుకుంటుంది. ఏడున్నరకి మూడున్నర కలిపితే 11, తీసేస్తే 4.

ఇప్పుడు బస్సు నిండిపోయిందనుకోండి. దిగేవాళ్లు లోపల్నుంచి తోసుకుంటూ రావాలి, ఎక్కేవాళ్లు మెట్ల మీద ఇరుక్కుంటారు, మనిషికి 3 సెకన్లు కాస్తా 5 అవుతుంది. అదే లెక్కలో 5 పెట్టి చూడండి. స్టాపుకి ఆరుంబావు శాతం, ఇరవై స్టాపులకి మూడు రెట్లు దాటుతుంది. రద్దీ లేటుని పెంచుతుంది, లేటు రద్దీని పెంచుతుంది. బస్సులు జట్లు కట్టే ఈ తీరుని న్యూయెల్, పాట్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1964లోనే గణితంతో చూపించారు. డ్రైవర్ని తిడితే సరిపోయే విషయం కాదని అప్పటి నుంచీ తెలుసు. అయినా ఇవాళ్టికీ చాలాచోట్ల మొదటి చర్య మెమో ఇవ్వడమే.

దీన్ని విరగ్గొట్టడానికి రెండు చోట్ల పట్టుకోవాలి. మొదటిది ఎక్కే టైము. రెండు తలుపులూ ఎక్కడానికి వాడుకోనివ్వడం, టికెట్‌ని బస్సు బయటే తేల్చేయడం లాంటివి ఆ సెకన్లని తగ్గిస్తాయి, చక్రవడ్డీ రేటే తగ్గుతుంది. రెండోది ఆపడం. ముందుదానికి మరీ దగ్గరగా వచ్చిన బస్సుని ఒక నిర్ణీత స్టాపులో నిమిషమో రెండు నిమిషాలో ఆపడం. ఎక్కడ ఆపాలన్నది తెలివిగా ఎంచుకోవాలి. ఆపినప్పుడు లోపల కూర్చున్నవాళ్లకి టైం పోతుంది, ముందు స్టాపుల్లో నిలబడ్డవాళ్లకి మేలవుతుంది. కాబట్టి బస్సులో జనం ఇంకా పల్చగా ఉండి, అసలు ఒత్తిడి అప్పుడే మొదలవబోయే స్టాపు సరైనది. నిండిన బస్సుని రద్దీ మధ్యలో ఆపితే తిట్లు తప్ప ఏమీ రాదు. బయల్దేరే చోట కూడా "నా టైం అయింది" అని కాకుండా "ముందు బస్సు వెళ్లి అనుకున్నన్ని నిమిషాలయింది" అని వదిలితే సగం పని అక్కడే అయిపోతుంది. దానికి చివర రెస్ట్ టైం నిజంగా మిగలాలి. రన్నింగ్ టైం బిగించేసి రెస్ట్ టైం కాగితం మీద మాత్రమే ఉన్న షెడ్యూల్‌తో ఏ కంట్రోలరూ ఏమీ చేయలేడు.

సూత్రం విషయానికొస్తే, ఉంది. లోడ్‌ని పరిమితితో భాగించే పద్ధతుల్ని 1984లో అవిషాయ్ సెడర్ అనే రవాణా పరిశోధకుడు నాలుగు రకాలుగా క్రమబద్ధం చేశాడు. రెండు ఒత్తిడి పాయింటు మీద, రెండు రూట్ మొత్తం లోడ్ మీద ఆధారపడతాయి. అవి "బస్సు పొంగిపొర్లకుండా ఎన్ని కావాలి" అన్నదానికి జవాబులు. "ఎన్ని నడిపితే సమాజానికి మొత్తం మీద మేలు" అన్నది వేరే ప్రశ్న. దాని మూలం ఆర్థికవేత్త హెర్బర్ట్ మోరింగ్ 1972లో రాసిన వ్యాసం. బస్సు నడిపే ఖర్చు ఫ్రీక్వెన్సీతో పెరుగుతుంది, జనం వేచి ఉండే ఖర్చు ఫ్రీక్వెన్సీతో తగ్గుతుంది, రెంటి మొత్తం కనిష్ఠమయ్యే చోట ఫ్రీక్వెన్సీ డిమాండ్ వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. డిమాండ్ రెట్టింపయితే బస్సులు 1.41 రెట్లు చాలు.

ఆ వర్గమూలం చాలామంది బుర్రల్లో స్థిరపడిపోయింది. అందులో రద్దీ లేదన్న సంగతి మర్చిపోతారు. మీ అంకెలతోనే చూద్దాం. అన్నిటినీ ప్రయాణికుల నిమిషాల్లో కొలుద్దాం, డబ్బు జోలికి పోవద్దు. వేచి ఉండే ఒక నిమిషం బస్సులో కూర్చున్న రెండు నిమిషాలతో సమానమని ప్లానింగ్‌లో వాడుక. ఎక్కేవాళ్లు 900, సగటు నిరీక్షణ 30ని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే వచ్చినన్ని నిమిషాలు. కాబట్టి వెయిటింగ్ భారం 54,000ని ఫ్రీక్వెన్సీతో భాగించినంత. ఒక ట్రిప్పు నడిపే ఖర్చు 1,200 ప్రయాణికుల నిమిషాలకి సమానం అనుకుందాం. 54,000ని 1,200తో భాగించి వర్గమూలం తీస్తే 6.7. గంటకి ఆరేడు బస్సులు, ఒత్తిడి పాయింటు దగ్గర బస్సుకి 72 మంది.

ఇప్పుడు రద్దీని కలపండి. బస్సు పరిమితి మేరకు నిండితే ప్రయాణ సమయం ఒకటిన్నర రెట్లు భారంగా అనిపిస్తుందని, సగం నిండితే అందులో సగం అదనమని తీసుకుందాం. సగటు ప్రయాణం 20 నిమిషాలు. అందరూ ఒత్తిడి ముక్క దాటరు కాబట్టి 480 బదులు 400 వాడదాం. రద్దీ భారం 900 × 20 × 0.5 × 400 ÷ 64, అంటే 56,250ని ఫ్రీక్వెన్సీతో భాగించినంత. వెయిటింగ్ భారం కన్నా ఇదే కాస్త ఎక్కువ! రెండూ కలిపి 1,10,250. 1,200తో భాగించి వర్గమూలం తీస్తే 9.6. గంటకి పది బస్సులు, బస్సుకి 50 మంది.

డిమాండ్ రెట్టింపు చేసి మళ్లీ చూస్తే అసలు తేడా బయటపడుతుంది. రద్దీ లేని సూత్రం 9.5 బస్సులు చాలంటుంది. ఒత్తిడి పాయింటు దగ్గర బస్సుకి 101 మంది! 76 మించి పట్టని బస్సులో. రద్దీని కలిపిన సూత్రం 16.7 అంటుంది, బస్సుకి 58 మంది. మొదటిది 1.41 రెట్లు పెరిగితే రెండోది 1.74 రెట్లు. కారణం చిన్నదే. వెయిటింగ్ భారం డిమాండ్‌తో పెరుగుతుంది, రద్దీ భారం డిమాండ్ వర్గంతో పెరుగుతుంది, ఎందుకంటే కొత్తగా ఎక్కిన ప్రతి మనిషీ తనొక్కడే ఇరుక్కోడు, ఉన్నవాళ్లందర్నీ ఇరుకున పెడతాడు. రద్దీ బాగా ఉన్న రూట్లలో ఫ్రీక్వెన్సీ డిమాండ్‌కి దాదాపు సమానంగా పెరగాలి. పల్చని రూట్లలో, మధ్యాహ్నాల్లో వర్గమూలం బాగానే పనిచేస్తుంది. ఒకే సూత్రాన్ని రెండు చోట్లా రుద్దడం వల్లే మధ్యాహ్నం బస్సులు మరీ తక్కువగానో, పొద్దున మరీ ఇరుగ్గానో ఉంటాయి.

ఆ 0.5 అన్నది నేను లెక్క సులువు కోసం పెట్టిన సరళరేఖ. నిజంలో సీట్లు నిండేదాకా ఎవరికీ పెద్దగా పట్టదు. సీట్లు నిండాక కూర్చున్నవాళ్లకి కాస్త, నిలబడ్డవాళ్లకి చాలా ఎక్కువ భారం. కిక్కిరిసిన చోట నిలబడి వెళ్లే నిమిషం కూర్చుని హాయిగా వెళ్లే నిమిషానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు, కొన్ని అధ్యయనాల్లో అంతకన్నా ఎక్కువ. చదరపు మీటరుకి ముగ్గురు నలుగురు దాటాక గీత నిటారుగా లేస్తుంది. కాబట్టి వర్గమూలంతో వచ్చిన 9.6ని మొదటి అంచనాగా తీసుకుని, ఒక్కో ఫ్రీక్వెన్సీకీ ఈ వంపు గీతతో మొత్తం భారం ఎక్సెల్‌లో వేసి చూడండి. 8 నుంచి 12 వరకు ఐదు వరసలు చాలు. కనిష్ఠం దగ్గర గీత చదునుగా ఉంటుంది, 9కీ 10కీ పెద్ద తేడా కనిపించదు. దశాంశాల కోసం కొట్టుకోవద్దు. 1.22 గుణకాన్ని మాత్రం రెండు భారాలకీ తప్పకుండా వేయండి. దాన్ని వేసినప్పుడూ, తీసేసినప్పుడూ వచ్చే రెండు జవాబుల మధ్య తేడాయే పైవాళ్లకి చూపించాల్సిన పేజీ.

పెద్ద బస్సు పెడితే పోదా అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. రోడ్డు మీద ఇప్పటికే రెండు మూడు నిమిషాలకో బస్సు పోతుంటే, స్టాపులో బస్సులు ఒకదాని వెనకొకటి క్యూ కడుతుంటే అదే సరైన జవాబు. ఏడున్నర నిమిషాల రూట్‌లో కాదు. పెద్ద బస్సు ఇచ్చి ట్రిప్పులు తగ్గిస్తే రద్దీ తగ్గినట్టే ఉంటుంది, వెయిటింగ్ పెరుగుతుంది, ఎడం పెరిగిన కొద్దీ స్టాపుల్లో పోగయ్యే గుంపులు పెద్దవవుతాయి.

ఇక మీ రెండు బస్సులు. వాటిని రూట్ మొత్తానికి పంచకండి. 16ని 18 చేస్తే గంటకి తొమ్మిది బస్సులు, సగటు 60 నుంచి 53కి దిగుతుంది. ఎడాలు మాత్రం అలాగే తప్పుతుంటాయి కాబట్టి ప్రయాణికుడికి తగిలే లోడ్ 65 దగ్గర ఆగుతుంది, ఫిర్యాదులు ఆగవు, ఆర్నెల్లకి "రెండు బస్సులిచ్చినా ఫలితం లేదు" అని ఫైల్లో ఎక్కుతుంది.

మొదటి నెల కొత్త బస్సులు ముట్టుకోకుండా ఉన్న ఎనిమిది ట్రిప్పుల్నీ 11, 8, 7, 6 తరహాలోకి మార్చండి, వదిలే పద్ధతిని ఎడాన్ని బట్టి చేయండి. ఆ తర్వాత ఒక బస్సుని షార్ట్ ట్రిప్‌గా ఒత్తిడి ముక్కకే పెట్టండి. ఆ ముక్క రూట్‌లో మూడో వంతు అయితే రౌండు 40, 50 నిమిషాల్లో పూర్తవుతుంది. రెండు గంటల పీక్‌లో ఒకే బస్సు ఆ ఇరుకు చోటుని రెండు, వీలైతే మూడు సార్లు తాకుతుంది. పూర్తి రూట్‌లో పెడితే ఒక్కసారే. షార్ట్ ట్రిప్ టైముని రెండు పూర్తి బస్సులకి సరిగ్గా మధ్యలో పెట్టకండి. పూర్తి బస్సుకి కాస్త ముందు వచ్చేలా పెట్టండి. దూరం వెళ్లేవాళ్లు ఎలాగూ షార్ట్ ట్రిప్ ఎక్కరు, దగ్గరివాళ్లు ముందు ఏది వస్తే అదెక్కుతారు. మధ్యలో పెడితే పూర్తి బస్సుకి అందరూ పోగయ్యే టైం దొరికి అది మళ్లీ నిండుతుంది, షార్ట్ ట్రిప్ సగం ఖాళీగా పోతుంది. బోర్డు మీద ఎక్కడిదాకా వెళ్తుందో పెద్ద అక్షరాల్లో ఉండాలి. లేకపోతే దూరం వెళ్లేవాళ్లు తెలియక ఎక్కి మధ్యలో దిగాల్సి వచ్చి, ఆ కోపమంతా కండక్టర్ మీద పడుతుంది.

రెండో బస్సుని స్పేర్‌గా ఒత్తిడి ముక్క మొదలయ్యే స్టాపు పక్కన నిలపండి, డ్రైవర్‌తో సహా. దీనికి షెడ్యూల్‌లో టైం ఉండదు. ఎడం 11 నిమిషాలకి సాగబోతోందని కంట్రోలర్‌కి స్క్రీన్ మీద కనిపించగానే దాన్ని ఆ ఖాళీలోకి వదులుతాడు. ఐదున్నర నిమిషాల దగ్గర అది దిగితే 88 మంది గుంపు 44, 44గా విడిపోతుంది. వెనక వచ్చే బస్సు కూడా తన లేటుని పెంచుకోదు. పీక్‌లో అరగంట ఊరికే నిలబడి ఉన్న బస్సుని చూస్తే అధికారులకి మనసొప్పదు, దాన్ని ఏదో ఒక ట్రిప్పుకి పంపేయాలనిపిస్తుంది. ఆ ఒత్తిడిని తట్టుకోవాలంటే మొదటి రోజు నుంచే ఎన్నిసార్లు దించారు, దించినప్పుడు ముందు ఎడం ఎంత, స్టాపుల్లో ఎంతమంది మిగిలారు అని రాసి పెట్టుకోండి. లైవ్‌లో బస్సులు చూసే కంట్రోలర్ మీ దగ్గర లేకపోతే ఈ స్పేర్ వృథా, అప్పుడు రెండోదాన్ని కూడా షార్ట్ ట్రిప్‌లో కలిపేయండి.

రద్దీ నిజంగా తగ్గితే మానేసినవాళ్లు తిరిగి వస్తారు, 480 కాస్తా 520 అవొచ్చు. లోడ్ మళ్లీ పెరిగిందని కంగారు పడొద్దు, ఆ నలభై మంది ఇంతకుముందు మీ లెక్కలో లేనివాళ్లు. రెండు మూడు నెలలు ఆగి పావుగంటల లెక్క మళ్లీ తీసి, ఎడాల్ని కొత్త అంకెలతో మార్చుకోండి. అప్పుడు 1.22 ఎంతకి దిగిందో కూడా చెప్పండి. 1.1 లోపు వస్తే మూడో బస్సు అడగడానికి మీ చేతిలో గట్టి కాగితం ఉన్నట్టే.